అతిథికి అడవిని చూపించే ముందు

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతానికి విదేశీయుల రాకపోకలు కొత్తవి కావు. పుట్టపర్తిలోని ప్రశాంతి నిలయానికి దశాబ్దాలుగా నానాదేశాల భక్తులు వస్తున్నారు. స్పెయిన్ దేశస్థుడైన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం చేరి నెలకొల్పిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు కారణంగా, తాము చేయూతనిస్తున్న పల్లెలను కళ్లారా చూడాలని ఆ దేశపు దాతలు వస్తున్నారు. పెనుకొండ సమీపంలోని ఎర్రమంచి వద్ద కియా కార్ల కర్మాగారం 2019లో ఉత్పత్తి ప్రారంభించిన తరువాత కొరియా కుటుంబాలు ఈ ప్రాంతానికి ఇరుగుపొరుగయ్యాయి. వీరికి తోడు, చదువు కోసమో ఉద్యోగం కోసమో పరాయి దేశాలకు వెళ్లిన ఇక్కడి యువత సెలవులకు ఇంటికి వచ్చేటప్పుడు అక్కడి స్నేహితులను వెంటబెట్టుకొని రావడం ఇప్పుడు మామూలైంది. అలా వచ్చిన అతిథికి లేపాక్షి నందిని, పెనుకొండ గగనమహలును చూపించడం ఏ కుటుంబానికైనా చేతనైన పనే. ఆ అతిథి తన దేశంలో అలవాటైన విధంగా ఒక జాతీయ ఉద్యానంలో గుడారం వేసుకొని రెండు రాత్రులు గడపాలని కోరినప్పుడు మాత్రం పని స్వభావమే మారిపోతుంది. ఇంట్లో ఉన్నంతసేపు అతిథి క్షేమానికి మాత్రమే బాధ్యత వహించే వ్యక్తి, అడవిలో అడుగుపెట్టిన క్షణం నుంచి అతిథి నడవడికకు కూడా జవాబుదారీ కావలసి వస్తుంది.

జాతీయ ఉద్యానం అనగానే అతిథి మనసులో మెదిలే దృశ్యం అతని దేశాన్ని బట్టి ఉంటుంది. 1872లో ఎల్లోస్టోన్‌తో మొదలైన అమెరికా జాతీయ ఉద్యానాలలో ప్రజల విహారం తొలి నుంచీ ఒక ప్రధాన ఉద్దేశం కాబట్టి, అక్కడ గుడారాల కోసం ప్రత్యేకంగా చదును చేసిన స్థలాలు, ఒక్కొక్క స్థలానికి ఒక అంకె, ఒక బల్ల, నెగడు వేసుకోవడానికి ఇనుప వలయం, ఎలుగుబంట్లు తిండిని ఎత్తుకుపోకుండా దాచుకునే ఇనుప పెట్టె కూడా కనిపిస్తాయి. నార్వే, స్వీడన్, ఫిన్లాండ్ దేశాల్లో పొలాలకూ ఇళ్లకూ ఎడంగా, ఎవరికీ ఇబ్బంది కలగకుండా ప్రకృతిలో తిరగడం, ఒక రాత్రి గుడారంలో పడుకోవడం ప్రజలందరికీ సంప్రదాయంగా సంక్రమించిన హక్కు. అయితే జాతీయ ఉద్యానాలకు అక్కడా వేరే నిబంధనలు ఉంటాయి. కొరియాలో 1967లో జిరిసాన్ పర్వతాన్ని మొదటి జాతీయ ఉద్యానంగా ప్రకటించారు. అక్కడ ఉద్యానంలో ఇష్టం వచ్చినచోట రాత్రి బస చేయడం నిషిద్ధం, ముందుగా బుక్ చేసుకున్న కొండ వసతిలోనో కేటాయించిన స్థలంలోనో మాత్రమే పడుకోవాలి. అందువల్ల పెనుకొండలోని కొరియా మిత్రుడికి ఇక్కడి కట్టుబాట్లను వివరించడం సులువు, నార్వే మిత్రుడికి వివరించడానికి కొంత ఓపిక కావాలి.

భారతదేశంలో మొదటి జాతీయ ఉద్యానం 1936లో హెయిలీ పేరుతో ఏర్పడి, నేడు జిమ్ కార్బెట్ పేరుతో ప్రసిద్ధమైంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఈ దేశంలో జాతీయ ఉద్యానం అంటే ముందుగా వన్యప్రాణుల నివాసం, ఆ తరువాతనే మనుషుల విహారస్థలం. అభయారణ్యంలో అంతకు ముందు నుంచి ఉన్న కొన్ని హక్కులు అధికారుల అనుమతితో కొనసాగవచ్చు గాని, జాతీయ ఉద్యానంలో ప్రైవేటు హక్కులు ఉండవు, పశువులను మేపడానికి కూడా వీల్లేదు. అధ్యయనం, ఛాయాచిత్రణ, పర్యటన వంటి పేర్కొన్న పనులకు మాత్రమే, చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ లేదా ఆయన తరఫున అధికారం పొందినవారు ఇచ్చే అనుమతితో బయటివారు లోపలికి వెళ్లగలరు. కనుక ఈ దేశపు జాతీయ ఉద్యానంలో క్యాంపింగ్ అంటే, వీపున గుడారం మోసుకొని వెళ్లి సాయంత్రానికి నచ్చిన వాగు ఒడ్డున దించుకోవడం కాదు; అటవీశాఖ నడిపే శిబిరంలో, ఆ శాఖ వేసి ఉంచిన గుడారంలో, ఆ శాఖ నిర్ణయించిన వేళల్లో ఉండడం. ఈ ఒక్క విషయాన్ని అతిథి విమానం ఎక్కకముందే విడమరచి చెబితే, తరువాత రాబోయే నిరాశల్లో చాలాభాగం తప్పిపోతుంది.

అతిథి సంచిలో ఉండే వస్తువుల గురించి కూడా అప్పుడే మాట్లాడుకోవాలి. కొండలెక్కే అలవాటున్న పాశ్చాత్యులు చాలామంది సెల్‌ఫోన్ పనిచేయని చోట సహాయం కోరడానికి ఉపగ్రహంతో సంధానమయ్యే చిన్న పరికరాన్ని వెంట ఉంచుకుంటారు. వారి దేశంలో అది ప్రాణరక్షణ సాధనం, భారతదేశంలో టెలికాం శాఖ అనుమతి లేకుండా ఉపగ్రహ ఫోన్లను, ఇటువంటి సందేశ పరికరాలను దగ్గర ఉంచుకోవడం నేరం, విమానాశ్రయాల్లో ఈ కారణంగా విదేశీ పర్యాటకులను అదుపులోకి తీసుకున్న సందర్భాలు ఉన్నాయి. విదేశీ డ్రోన్ల దిగుమతిపై 2022 ఫిబ్రవరి నుంచి నిషేధం ఉంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం ఇచ్చే ఆయుధం అనే పదపు నిర్వచనంలో తుపాకులు, ఉచ్చులు, వలలతో పాటు కత్తులు కూడా ఉన్నాయన్నది చాలామందికి తెలియని సంగతి. అనుమతి లేని ఆయుధంతో ఉద్యానంలోకి వెళ్లకూడదు కాబట్టి, కూరగాయలు తరగడానికి తెచ్చుకున్న మడతకత్తిని ఇంట్లోనే ఉంచి రావడం ఉత్తమం. వంటకు వాడే గ్యాసు డబ్బాలను విమానంలో తీసుకురానివ్వరు. శిబిరంలో భోజనం వారే వండిపెడతారు గనుక వాటి అవసరం కూడా ఉండదు.

ఇక కాగితాల సంగతి. విదేశీయుడికి బస ఇచ్చినవారు, అది లాడ్జి అయినా బంధుమిత్రుల ఇల్లయినా, అతడు వచ్చిన 24 గంటల్లోగా ఆ వివరాలను విదేశీయుల నమోదు కార్యాలయానికి ఆన్‌లైన్‌లో తెలియజేయాలి. దీనినే వాడుకలో సి-ఫారం అంటారు. పుట్టపర్తి వసతిగృహాల వారికి ఇది కొట్టినపిండి. హిందూపురంలో ఒక మధ్యతరగతి ఇంటివారికి మాత్రం, సొంత ఇంట్లో పడుకున్న స్నేహితుడి గురించి ప్రభుత్వానికి చెప్పాలన్న ఆలోచనే తట్టకపోవచ్చు. 1946 నాటి విదేశీయుల చట్టం మొదలైన పాత చట్టాల స్థానంలో 2025 సెప్టెంబరు 1 నుంచి కొత్త ఇమ్మిగ్రేషన్, విదేశీయుల చట్టం అమల్లోకి వచ్చినా ఈ బాధ్యత తొలగిపోలేదు. అతిథి తెలుగు మూలాలున్నవాడై ఓసీఐ కార్డు, అంటే విదేశీ పౌరసత్వం పొందిన భారత సంతతివారికి ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు పత్రం, ఉన్నవాడైతే జాతీయ ఉద్యానాల ప్రవేశ రుసుములో అతడికి భారతీయులతో సమానహోదా ఉంటుంది; కార్డు లేని విదేశీయుడి నుంచి ఎక్కువ రుసుము తీసుకునే ఉద్యానాలు చాలా ఉన్నాయి. ఆ తేడాను గేటు దగ్గర అతిథికి చెప్పడం కన్నా ముందుగా చెప్పడమే మర్యాద. పాస్‌పోర్టు, వీసాల నకళ్లు రెండేసి దగ్గర ఉంచుకోవాలి. విదేశీ బ్యాంకు కార్డులు అడవి అంచు ఊళ్లలో పనిచేస్తాయన్న నమ్మకం లేదు కాబట్టి కొంత నగదు కూడా ఉండాలి.

ఈ మూడు పట్టణాల చుట్టుపక్కల జాతీయ ఉద్యానం ఏదీ లేదు. దూరాన్ని మాత్రమే చూస్తే బెంగళూరు దక్షిణపు అంచున 1974లో ఏర్పడిన బన్నేరుఘట్ట ఉద్యానం హిందూపురానికి దగ్గర. కాని నగరం గోడల దాకా వచ్చి ఆనుకున్న ఆ ఉద్యానంలో అడవి తాలూకు నిశ్శబ్దం దొరకడం కష్టం. ఆంధ్రప్రదేశ్‌లోని మూడు జాతీయ ఉద్యానాల్లో పాపికొండలు గోదావరి తీరాన ఎక్కడో ఉన్నాయి; కడప జిల్లాలోని రాజీవ్ గాంధీ ఉద్యానం రెండున్నర చదరపు కిలోమీటర్లకు మించనిది; మిగిలింది శేషాచలం కొండల్లో 1989లో ప్రకటించిన శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానం. విస్తీర్ణంలో 350 చదరపు కిలోమీటర్లకు పైబడిన ఈ ఉద్యానంలోనే తలకోన జలపాతం ఉంది.

అయితే విమానం దిగిన మర్నాడే తలకోనకు బయలుదేరడం మంచి ఆలోచన కాదు. అమెరికా నుంచి వచ్చినవారికి పగలూ రాత్రీ తారుమారై నిద్ర కుదుటపడడానికి కొన్ని రోజులు పడుతుంది. ఐరోపా చలి నుంచి వచ్చిన శరీరం ఇక్కడి ఎండకు అలవాటు పడాలి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే ఈ నేలలో అడవి అంటే ఆకాశాన్నంటే వృక్షాలు కావు; నల్లరాతి గుట్టలు, తుమ్మ, బలుసు, పరికి, కలివి పొదలు, వాటి నడుమ బోదగడ్డి. అటవీ శాస్త్రంలో ముళ్ల చిట్టడవి అని వ్యవహరించే ఈ నేల స్వభావాన్ని ముందుగా ఇంటి దగ్గరే చూపించి, ఆ తరువాత పెద్ద అడవికి తీసుకువెళ్లడం అతిథికి అన్నివిధాలా మేలు చేస్తుంది, ఎందుకంటే ఎండిన నేలను చూసినవాడికే తలకోన నీటి విలువ తెలుస్తుంది.

అందుకు హిందూపురం నుంచి సరిహద్దు దాటితే చాలు. కర్ణాటకలోని మధుగిరి తాలూకాలో మైదనహళ్లి దగ్గర, పెన్నకు ఉపనది అయిన జయమంగళి పేరుతో 2007లో ఏర్పడిన కృష్ణజింకల సంరక్షణ ప్రాంతం ఉంది. సంరక్షణ ప్రాంతం అంటే జాతీయ ఉద్యానమంత కట్టుదిట్టం లేకుండా, చుట్టుపక్కల గ్రామాల సహకారంతో వన్యప్రాణులను కాపాడే ప్రభుత్వ భూమి. సుమారు 800 ఎకరాల ఆ గడ్డిబీటిలో తెల్లవారుజామున కావలి మంచెపై నిలబడితే, మొదట గడ్డి రంగులో కలిసిపోయిన ఆడజింకలు ఒక్కటొక్కటిగా కంటికి ఆనుతాయి. కొద్దిసేపటికి, పైన నలుపు, కింద తెలుపు, మెలితిరిగిన పొడవాటి కొమ్ములతో ఒక మగజింక మెడ పైకెత్తి, ముక్కు ఆకాశానికి చూపుతూ, తన హద్దు మీద మెల్లగా నడుస్తూ కనిపిస్తుంది. మరో మగజింక ఆ హద్దు దగ్గరికి వస్తే రెండూ కాసేపు పక్కపక్కనే నడుస్తాయి, తల వంచుతాయి, ఒక్కోసారి కొమ్ములు కలుపుతాయి, తరువాత ఒకటి తప్పుకుంటుంది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు ఈ కృష్ణజింకే. ఈ నేల పులికి కాక జింకకూ, తోడేలుకూ, నక్కకూ పుట్టినిల్లన్న సంగతి పుస్తకం చదివితే తెలిసేదానికంటే ఆ మంచె మీద ఒక గంట నిలబడితే బాగా తెలుస్తుంది.

చిలమత్తూరు మండలంలోని వీరాపురం కూడా ఇదే పరిచయ యాత్రలో చూపదగింది. ఏటా శీతకాలం చివర ఎర్రకాళ్ల కొంగలు ఆ ఊరి చింతచెట్ల మీద, ఇళ్ల నడుమనే, గూళ్లు కట్టి పిల్లలను పెంచుతాయి; పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపడుచుల్లాగే వాటిని ఊరివారు భావిస్తారు. ఇవి సైబీరియా నుంచి ఎగిరి వస్తాయన్న మాట ప్రచారంలో ఉన్నా నిజానికి ఈ కొంగలు దక్షిణాసియాకు చెందినవే, నీరూ చేపలూ దొరికే చోట్ల మధ్య తిరుగుతుంటాయి. కంచె గాని, ప్రవేశ రుసుము గాని లేకుండా ఒక ఊరు పక్షులను కాపాడుకోగలదన్న సత్యం, రక్షణ అంటే ప్రభుత్వ ఉద్యానమే అనుకునే విదేశీయుడికి కొత్త చూపునిస్తుంది. ఇదే రోజుల్లో, అతిథి తన సొంత గుడారాన్ని తెచ్చుకొని ఉంటే దానిని విప్పడానికి తగిన చోటు ఆతిథేయి బంధువుల తోటే. మామిడి తోపులోనో, పంట కోసేసిన శెనక్కాయ మడిలోనో ఒక రాత్రి గడిపితే, పైపైన మట్టి ఉండి అడుగున రాయి తగిలే ఈ నేలలో గుడారం మేకులు దిగవని, తాళ్లను రాళ్లకు కట్టుకోవలసిందేనని అతిథికి అనుభవమవుతుంది, రాత్రి చలి ఎంత ఉంటుందో కూడా తెలిసివస్తుంది.

ఆహారం విషయంలో ఒక ప్రశ్నను మొదటి పూటకు ముందే, అంటే విమానాశ్రయం నుంచి వచ్చే దారిలో టిఫినుకు ఆగకముందే, అడగాలి. పాశ్చాత్య దేశాల్లో వేరుశనగ పడని వ్యక్తులు గణనీయంగా ఉన్నారు. వారికి దాని ముక్క కాదు, పొడి తగిలినా గొంతు వాచి ఊపిరి ఆగే ప్రమాదం ఉంది. ఈ ప్రాంతం దేశంలోనే పేరున్న వేరుశనగ సీమ. ఇక్కడ ఇడ్లీ పక్కన పెట్టే చట్నీలో శెనక్కాయ విత్తనాలే ఉంటాయి, సంగటిలోకి నూరే ఊరిబిండిలో అవే, వంకాయ కూరకు చిక్కదనం ఇచ్చే పొడిలో అవే, చిత్రాన్నంలో అవే, పిల్లలకు పెట్టే చిక్కీలో అవే. కంటికి కనిపించకుండా పోపునూనెలోనూ అవే. అతిథికి ఈ బాధ ఉందని తెలిస్తే ఒక వంటకాన్ని పక్కన పెట్టడంతో సరిపోదు. వేరే నూనె, వేరే మూకుడు, కడిగిన గరిటె కావాలి, శిబిరంలోని వంటవారికీ ఆ మాట ముందుగా చేరాలి, అతిథి వెంట తెచ్చుకునే అడ్రినలిన్ సూది ఎక్కడ ఉందో, ఎలా వేయాలో తోడున్న ఇద్దరికైనా తెలిసి ఉండాలి. ఈ జాగ్రత్త పూర్తయ్యాక, ఆ బాధ లేని అతిథికి రాగిసంగటి, ఊరిబిండి, ఉగ్గాని, మిరపకాయ బజ్జీ సంతోషంగా వడ్డించవచ్చు. కారం తగ్గించమని అతడు అడిగితే చిన్నబుచ్చుకోవలసిన పని లేదు, పెరుగు దగ్గర పెడితే చాలు.

తలకోనకు ధర్మవరం నుంచి రైలు మార్గం ఒకటుంది. ధర్మవరం–పాకాల మార్గం కదిరి, ములకలచెరువు, మదనపల్లె రోడ్డు, వాయల్పాడు, కలికిరి మీదుగా పీలేరు చేరుతుంది; అక్కడి నుంచి రోడ్డు మీద తలకోన అందుకోవచ్చు. మీటరు గేజీగా చాలాకాలం నడిచి 2010 ప్రాంతంలో బ్రాడ్ గేజీగా మారిన ఈ మార్గంలో పగటిపూట ప్రయాణిస్తే, కదిరి దాకా ఎర్రనేలలు, రాళ్లగుట్టలు, ఆపైన చింతతోపులు, చెరువులు, చివరికి శేషాచలం కొండలు క్రమంగా మారుతూ కనిపిస్తాయి. కారులో నిద్రపోతూ వెళ్లేదానికంటే ఇది మేలు. కారులో వెళ్లేవారు కదిరి దగ్గర దారి మళ్లి, ఒక్క ఊడలమర్రి ఐదెకరాల మేర విస్తరించి 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కిన తిమ్మమ్మ మర్రిమానును చూసి వెళ్లవచ్చు.

తలకోన జలపాతం ఎత్తు సుమారు 270 అడుగులు. ఈశాన్య రుతుపవనాల వానలు పడ్డాక, అంటే అక్టోబరు నుంచి జనవరి వరకు, దానిలో నిండుగా నీరుంటుంది. వేసవికి అది రాతిని అంటిపెట్టుకొని జారే సన్నని ధార. కొండ కింద సిద్ధేశ్వరస్వామి ఆలయం ఉంది, అటవీశాఖ ఆధ్వర్యంలో స్థానికుల భాగస్వామ్యంతో నడిచే బస ఉంది, చెట్ల కొమ్మల ఎత్తున తాళ్లతో కట్టిన నడకవంతెన ఉంది. చెట్ల మీద నుంచి చెట్ల మీదికి పాకి, మూర పొడవు దాటిన కాయలు కాసే గిల్లతీగను ఇక్కడ దగ్గరగా చూడవచ్చు. సెలవు రోజుల్లో భక్తులూ, విహారయాత్రికులూ కలిసి వేలల్లో వస్తారు గనుక, అడవిని కోరి వచ్చిన విదేశీయుణ్ణి వారం మధ్యలో తీసుకురావడం మంచిది. అడవిలో గుడి ఉండడం, గుడి చుట్టూ దుకాణాలుండడం అతడికి వింతగా తోచవచ్చు. ఈ దేశంలో చాలా అడవులు దేవుడి పేరుతోనే నిలిచాయని, తిరుమల కొండల చుట్టూ అడవి మిగలడానికి ఆ భక్తి కూడా ఒక కారణమని అక్కడే వివరించవచ్చు. దానితో పాటు, జలపాతం కింద సబ్బుపొట్లాలు, ప్లాస్టిక్ సీసాలు కనిపిస్తే దానిని సమర్థించడానికి ప్రయత్నించకూడదు. అది తప్పేనని ఒప్పుకొని, తన సంచిలో వచ్చిన చెత్తను తానే వెనక్కి తీసుకుపోవడం ఒక్కటే ఆతిథేయికి తగిన సమాధానం.

శేషాచలంలో రాత్రి సంచారంపై కట్టడి ఉంది; వన్యప్రాణులతో పాటు ఎర్రచందనం కూడా దానికి కారణం. శేషాచలం, లంకమల, వెలిగొండ, పాలకొండల పరిసరాల్లో మాత్రమే సహజంగా పెరిగే ఈ చెట్టును నరికి విదేశాలకు దొంగచాటుగా తరలించే ముఠాలపై నిరంతర నిఘా ఉంటుంది. అందువల్ల గుర్తుగా ఉంటుందని ఒక ఎర్రని చెక్కముక్కను జేబులో వేసుకున్న విదేశీయుడు ఎంత నిర్దోషి అయినా పెద్ద చిక్కుల్లో పడతాడు. చిరుతల భయం కూడా ఊహ కాదు. 2023 ఆగస్టులో ఇవే కొండల్లోని అలిపిరి నడకదారిలో చిరుత దాడికి ఆరేళ్ల బాలిక బలైన తరువాత, మధ్యాహ్నం దాటాక చిన్నపిల్లలతో ఆ దారిన నడవడంపై ఆంక్షలు విధించారు. పిల్లలతో వచ్చిన విదేశీ కుటుంబానికి ఈ సంగతి దాచకుండా చెప్పి, సందెవేళ పిల్లలను చేయి విడవకుండా చూసుకోవాలి.

మరింత దట్టమైన అడవిని, నిజమైన శిబిర జీవితాన్ని కోరేవారికి నల్లమల ఉంది. అక్కడి నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం, చట్టం లెక్కన, జాతీయ ఉద్యానం కాదు. అది 1983లో ప్రాజెక్టు టైగర్ కిందికి వచ్చి, రాష్ట్ర విభజన తరువాత కృష్ణకు ఆవలి భాగం తెలంగాణకు చెందిన విశాలమైన అడవి. ధర్మవరం నుంచి తాడిపత్రి, బనగానపల్లె, నంద్యాల మీదుగా ఆత్మకూరు చేరితే, అక్కడికి దగ్గర్లోని బైర్లూటి వద్ద అటవీశాఖ జంగిల్ క్యాంపు ఉంది. నంద్యాల–గిద్దలూరు దారిలో పచ్చర్ల వద్ద మరొకటి ఉంది. గుడారాల్లో పడక, చెంచుల సహాయంతో అడవి దారుల్లో వాహన సఫారీ, సాయంత్రానికి వేడి భోజనం ఇక్కడి ఏర్పాటు. పులుల సంతానోత్పత్తి కాలమైన జులై నుంచి సెప్టెంబరు వరకు సందర్శకులను అనుమతించరు. విదేశాల్లో బడి సెలవులు ఎక్కువగా ఆ నెలల్లోనే వస్తాయి గనుక విమాన టిక్కెట్లు కొనకముందే ఈ విషయం చూసుకోవాలి. శ్రీశైలం వెళ్లే అటవీ రహదారులపై రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు వాహనాలను ఆపివేస్తారు కాబట్టి చీకటి పడకముందే శిబిరం చేరాలి.

ఇక్కడికి పులి కోసం రావద్దని అతిథికి ముందే చెప్పడం న్యాయం. దట్టమైన పొదలు, కొండలోయలు ఉన్న నల్లమలలో పులి కనిపించడం అరుదు. దాని అడుగుజాడలు, చెట్టు బెరడుపై గోళ్ల గీతలు, దుప్పుల హెచ్చరిక కూతలు మాత్రం చూసే కన్ను, వినే చెవి ఉన్నవారికి దొరుకుతాయి. ఆ కన్నూ చెవీ చెంచులవి. నల్లమలను తరతరాలుగా నివాసం చేసుకొని, తేనె, గడ్డలు, అడవి ఫలాలతో బతికిన ఈ ఆదివాసులు శ్రీశైల మల్లన్నను తమ అల్లుడిగా భావిస్తారు. ప్రభుత్వం వారిని ప్రత్యేకించి దుర్బలమైన గిరిజన సమూహాల్లో చేర్చింది. మట్టి దారిపై కనిపించే ఒక జాడను చూసి అది ఏ జంతువుదో, ఎటు పోయిందో, ఎంతసేపైందో చెప్పగల చెంచు వనరక్షకుడి పక్కన ఒక పూట నడవడం ఈ యాత్రలో అత్యంత విలువైన భాగమని చెప్పడానికి సందేహించనక్కరలేదు. అయితే చెంచుగూడెం సందర్శన స్థలం కాదు, అది వారి ఇల్లు. పిలవకుండా లోపలికి పోవడం, అడగకుండా ఫొటోలు తీయడం, పిల్లలకు మిఠాయిలు పంచడం చేయకూడదని ఆతిథేయి తన మిత్రుడికి ముందే చెప్పాలి. అదే విధంగా, దారిలో విదేశీయుడితో సెల్ఫీ కోసం చుట్టుముట్టేవారికి, ముఖ్యంగా అతిథి స్త్రీ అయినప్పుడు, మర్యాదగా అడ్డు చెప్పే బాధ్యత కూడా ఆతిథేయిదే.

ప్రమాదాల గురించి అతిథికి ఉన్న జ్ఞానం తన దేశపు అడవులది. అమెరికాలో ఎలుగుబంటి తిండి వాసన పట్టి గుడారం దగ్గరికి వస్తుందని, తిండిని దూరంగా దాచితే చాలని నేర్పుతారు. ఇక్కడి ఎలుగుబంటి చెదపురుగులు, రేగుపళ్లు, సీతాఫలాలు, ఇప్పపూలు తిని బతికేది. అది మనిషి తిండి కోసం కాక, పొదల మలుపులో హఠాత్తుగా ఎదురైన మనిషికి బెదిరి దాడి చేస్తుంది, ఆ దాడి తరచుగా ముఖం మీదే. అందుచేత తెల్లవారుజామున, సందెవేళ గుట్టల మధ్య ఒంటరిగా తిరగకపోవడం, నడిచేటప్పుడు మాట్లాడుతూ నడవడం ఇక్కడి రక్షణ. తిండిని ఎత్తుకుపోయేవి కోతులు. పాముల్లో ప్రాణాంతకమైనవి ముఖ్యంగా నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి. కట్లపాము రాత్రివేళ నేలమీద పడుకున్నవారిని నొప్పి కూడా తెలియకుండా కాటువేస్తుంది కాబట్టి గుడారం జిప్పు ఎప్పుడూ మూసి ఉంచాలి, మంచం ఉంటే మంచం మీదే పడుకోవాలి, బూట్లను దులిపి వేసుకోవాలి, టార్చి లేకుండా అడుగు బయట పెట్టకూడదు. కాటు పడితే కోయడం, నోటితో పీల్చడం, గట్టిగా కట్టడం మాని, ఆ అవయవాన్ని కదలనివ్వకుండా 108 వాహనంలో ఆసుపత్రికి చేర్చాలి. ఈ నాలుగు పాముల విషానికీ ఒకే విరుగుడు మందు పనిచేస్తుంది గనుక పామును పట్టి తీసుకురావలసిన అవసరం లేదు. కుక్క, కోతి, ఏది కరిచినా రేబిస్ టీకా తప్పనిసరి.

నెగడు విషయంలో అతిథి నిరాశపడే అవకాశముంది. గుడారం ముందు మంట వేసుకొని కూర్చోవడం చాలా దేశాల్లో క్యాంపింగ్‌కు ప్రాణం వంటిది. ఇక్కడ ఉద్యానానికి అపాయం కలిగే విధంగా నిప్పు రాజేయడం చట్టరీత్యా నేరం; ఫిబ్రవరి నుంచి మే దాకా ఎండుగడ్డి నిండిన ఈ కొండల్లో ఒక నిప్పురవ్వ కొండంతా కాల్చగలదు. శిబిరం సిబ్బంది తామే వెలిగించిన చోట తప్ప మరెక్కడా మంట ఊసెత్తకపోవడం మేలు.

తిరుగు ప్రయాణానికి ముందు సంచులు సర్దేటప్పుడు మరోసారి జాగ్రత్త అవసరం. ఉద్యానంలో రాలిన ఈక, కొమ్ము, గిల్లకాయ వంటి ఏ వస్తువునూ అనుమతి లేకుండా బయటికి తేకూడదు. నెమలి ఈకల ఎగుమతిపై దేశవ్యాప్తంగా నిషేధం ఉంది కాబట్టి సంతలో కొన్న ఈక కూడా విమానం ఎక్కకూడదు. జ్ఞాపికగా ఇవ్వడానికి ధర్మవరం పట్టు ఉంది, ఆ పట్టణానికి దగ్గర్లోని నిమ్మలకుంట కళాకారులు మేకతోలుపై రంగులద్ది చేసే తోలుబొమ్మలు, దీపపు తొడుగులు ఉన్నాయి. తోలుతో చేసిన వాటిని కొన్ని దేశాల్లో దిగగానే అధికారులకు చూపించవలసి ఉంటుంది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ప్రభుత్వాలు ఈ విషయంలో మరీ కఠినం. తమ పంటలకు, పశువులకు పరాయి తెగుళ్లు సోకకుండా, ప్రయాణికుల బూట్లకు అంటిన మట్టిని, గుడారం మడతల్లో ఇరుక్కున్న గడ్డి విత్తనాలను కూడా అక్కడి అధికారులు తనిఖీ చేస్తారు, చెప్పకుండా దాస్తే జరిమానా వేస్తారు. కనుక ఆ దేశాల అతిథి బయలుదేరే ముందు రోజు, బూట్ల అడుగుభాగాన్ని, గుడారం మేకులను, చేతికర్ర మొనను ఇంటి పెరట్లో బ్రష్షుతో రుద్ది, సబ్బునీళ్లతో కడిగి, ఎండలో పూర్తిగా ఆరబెట్టి సర్దుకోవాలి.